చందా కట్టినా చదివేవారేరీ?

ప్రశ్న: మా కళాశాల గ్రంథాలయం ఈ-జర్నళ్లకు ఏటా చందా కడుతోంది. నోటీసులు పెట్టినా వాడకం పెరగడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ప్రచారం పెంచేముందు ప్రచురణకర్తల నుంచి ‘కౌంటర్’ (ఈ-వనరుల వాడకాన్ని ఒకే తీరులో లెక్కించే అంతర్జాతీయ ప్రమాణం) వాడక నివేదిక తెప్పించండి. చందాను డౌన్‌లోడ్లతో భాగిస్తే ఒక్కో వాడకానికయ్యే ఖర్చు తెలుస్తుంది. లైసెన్సు లేక తిరస్కరించిన ప్రయత్నాలు ఎక్కువుంటే లోపం ఎంపికది. పాఠకులు మీరు కొననివాటి కోసం వెతుకుతున్నారు.

డౌన్‌లోడ్లు, తిరస్కరణలు రెండూ తక్కువైతే ఫోన్‌లో మొబైల్ డేటాతో తెరిచి చూడండి. ఐపీ చిరునామాతో (కళాశాల నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యతో) ఇచ్చే అనుమతి ప్రాంగణం దాటితే పనిచేయదు. చాలాచోట్ల అసలు అడ్డంకి ఇదే! బయటి నుంచి లాగిన్ సౌకర్యం పెట్టించండి.

ఆ తర్వాతే ప్రచారం. ప్రతి శాఖ బాధ్యతను ఒక్కో సిబ్బందికి, నిర్ణయాధికారంతో సహా అప్పగించండి. వాళ్లు తరగతికే వెళ్లి, విద్యార్థుల ప్రాజెక్టు అంశాన్నే వెతికి చూపించాలి.