చీటీ తీసి చికిత్స చేస్తారా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తున్నాను. మా అమ్మాయి నెల్లూరులో బీడీఎస్ చదివి, ఇప్పుడు హౌస్ సర్జన్‌గా చివరి నెలల్లో ఉంది. కావలి ట్రంకు రోడ్డులో క్లినిక్ పెట్టిద్దామని గది కూడా చూసి ఉంచాను. తనేమో క్లినికల్ ట్రయల్స్‌లో పనిచేస్తానంటోంది. ఒక విశ్వవిద్యాలయం పరిశోధనలో పంటి రోగులకు రెండు రకాల చికిత్సలు చేసి ఏది మేలో చూస్తారట. ఎవరికి ఏ చికిత్సో చీటీ తీసి నిర్ణయిస్తారట. మనుషుల మీద ప్రయోగాలు చేయడానికా నేను ఐదేళ్లు చదివించింది? పైగా ఇందులో బతుకుతెరువు ఉంటుందా? హైదరాబాద్‌లో ఒక సంస్థ లక్షన్నర కడితే ఆరు నెలల్లో సర్టిఫికెట్, ఆ వెంటనే ఉద్యోగం ఇప్పిస్తామంటోంది. కట్టమంటారా?

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. కట్టవద్దు. కారణం తర్వాత చెబుతాను. ముందు ఆ చీటీ సంగతి తేలాలి. మీ అసలు అభ్యంతరం అక్కడే ఉంది.

మీరు రొయ్యల రైతు కావడంతో నాకు సగం పని తగ్గింది. ఒక కంపెనీ మనిషి మీ గట్టు మీదికి వచ్చి, కొత్త ప్రోబయోటిక్ వాడి చూడమన్నాడనుకోండి. మీకున్న నాలుగు చెరువుల్లో దేనికి వేయిస్తాడు? నీరు బాగున్నదానికి, ఏరేటర్లు సరిగ్గా తిరిగేదానికి, సీడ్ చురుగ్గా ఉన్నదానికి. పట్టుబడి రోజున కౌంట్, అంటే కిలోకు తూగే రొయ్యల లెక్క, బ్రహ్మాండంగా వస్తుంది. ‘చూశారా మా మందు మహిమ’ అంటాడు. అది మందు మహిమా, చెరువు మహిమా? మీకు తెలియదు, నిజం చెప్పాలంటే అతనికీ తెలియదు. తెల్లమచ్చ రోగం సోకి మధ్యలోనే ఖాళీ చేసిన చెరువును లెక్కలోంచి మెల్లగా తప్పించి, మిగిలినవాటి సగటు చెప్పేవాళ్లనూ మీరు చూసే ఉంటారు.

వైద్యంలోనూ ఇదే చిక్కు. డాక్టరు మోసగాడు కానక్కరలేదు. కొత్త పద్ధతి మీద గురి కుదిరిన సర్జన్, తనకు తెలియకుండానే, వయసులో ఉన్నవాణ్ణి, షుగర్ లేనివాణ్ణి, చెప్పిన మాట వినేవాణ్ణి దానికి ఎంచుకుంటాడు. పాత పద్ధతికి మిగిలినవాళ్లు వెళతారు. అప్పుడు ఫలితాలను పోల్చి ఏం లాభం? చీటీ ఆ ఎంపికను మనిషి చేతిలోంచి లాగేస్తుంది. రోగులు తగినంత మంది ఉంటే బలమైనవాళ్లూ బక్కవాళ్లూ, బీడీ తాగేవాళ్లూ తాగనివాళ్లూ రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతారు. మనకు కొలవడం చేతకాని తేడాలు కూడా అలాగే సర్దుకుంటాయి.

ఇంకో సంగతి మీకు నచ్చుతుంది. ఈ పద్ధతికి పుట్టిల్లు ఆసుపత్రి కాదు, పొలం. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త, ఏ మడికి ఏ ఎరువు అనేది చీటీ మీద వదిలిపెట్టాలని సిద్ధాంతం చేశాడు. వైద్యులు దాన్ని పూర్తిగా అందుకోవడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1948లో బ్రిటన్‌లో వెలువడిన క్షయ ట్రయల్‌లో 107 మంది రోగులున్నారు. 55 మందికి అప్పటి కొత్త మందు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు. 52 మందికి అప్పటి మామూలు వైద్యమే, అంటే మంచం మీద విశ్రాంతి. ఆరు నెలల్లో మొదటి వైపు నలుగురు, రెండో వైపు 14 మంది చనిపోయారు. యుద్ధం ముగిసిన ఆ రోజుల్లో మందు అందరికీ సరిపడా లేదు. పలుకుబడి ఉన్నవాళ్లకు ఇవ్వడం కన్నా చీటీయే ధర్మంగా కనిపించింది.

‘మందు పడనివాళ్ల సంగతేమిటి’ అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. దీనికి ఒక నియమం ఉంది: ఏది మేలో నిజంగా ఎవరికీ తెలియనప్పుడే చీటీ తీయాలి. తెలిసిపోయాక కూడా తీస్తే అది తప్పు. ట్రయల్ మధ్యలో తేడా స్పష్టంగా బయటపడితే ఆపేయడానికి విడిగా ఒక కమిటీ లెక్కలు చూస్తూ ఉంటుంది. మరి వైద్యులకు తెలియనివి అన్ని ఉంటాయా అంటే, మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ.

మోకాలి అరుగుదల తీసుకోండి. చిన్న రంధ్రం గుండా గొట్టం పెట్టి లోపల కడిగి, గీకి శుభ్రం చేసే ఆపరేషన్ ఒకప్పుడు విరివిగా చేసేవారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద దాన్ని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి గీకారు, కొందరికి కడిగారు, మరికొందరికి చర్మం మీద కోత పెట్టి, లోపల ఏమీ చేయకుండానే కుట్లు వేసి పంపారు. ఎవరికి ఏం చేశారో రోగులకు తెలియదు. ఇలా జరగవచ్చని ముందే చెప్పి, వాళ్ల సమ్మతి తీసుకున్నారు. రెండేళ్ల పాటు చూస్తే నొప్పిలో గానీ నడకలో గానీ ఆ మూడు గుంపుల మధ్య తేడా లేదు. ఉత్తుత్తి కోత పెట్టడం ఏమిటని నాకూ మొదట ఒళ్లు మండింది. కానీ ఆ కొద్దిమంది ఒప్పుకుని ఉండకపోతే అక్కరలేని ఆపరేషన్‌కు ఇంకెంతమంది బల్ల ఎక్కేవారో ఆలోచించండి.

ఆపరేషనా, మందులా అన్న పోలికకు మన ఊళ్లలో ఇరవైనాలుగు గంటల నొప్పి అనే అపెండిసైటిస్ మంచి ఉదాహరణ. ఫిన్లండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయ వైద్యుల నాయకత్వంలో 530 మందిని చీటీ మీద రెండుగా విడదీశారు. ఒక వైపు ఆపరేషన్, ఒక వైపు యాంటీబయోటిక్స్. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం మందులు పడినవాళ్లలో నూటికి 27 మందికి ఏడాదిలోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఐదేళ్లకు అది 39కి చేరింది. అంటే మందులు ఓడిపోయాయా? మిగిలిన 61 మంది ఆపరేషన్ లేకుండానే గడిపారు కదా! ఇప్పుడు డాక్టరు ఈ అంకెలు రోగి ముందు పెట్టి, సమస్య ముదరని కేసుల్లో ‘మీకు ఏది సమ్మతం’ అని అడగగలడు. ట్రయల్ ఎప్పుడూ గెలుపోటములే చెప్పాలని లేదు.

ఈ ఉదాహరణలోనే మీ తెల్లమచ్చ చెరువు కూడా ఉంది. మందుల వైపు పడి, తర్వాత ఆపరేషన్ చేయించుకున్న రోగిని లెక్కలోంచి తీసేయరు, ఆపరేషన్ వైపుకూ మార్చరు. చీటీ ఎటు పడిందో ఆ వైపు లెక్కలోనే చివరిదాకా ఉంచుతారు.

మీ అమ్మాయి రంగంలో అయితే పాల పళ్ల పిప్పి ఉంది. డండీ విశ్వవిద్యాలయం తదితర సంస్థలు కలిసి స్కాట్లండ్, ఇంగ్లండ్, వేల్స్‌లలో మూడు నుంచి ఏడేళ్ల పిల్లలు 1,144 మందిని మూడు గుంపులు చేశాయి. ఒక గుంపుకు డ్రిల్లింగ్ చేసి ఫిల్లింగ్, ఒక గుంపుకు పిప్పిని తొలచకుండా పైనుంచి మూసేయడం, మూడో గుంపుకు బ్రషింగ్, తిండి అలవాట్లు, ఫ్లోరైడ్ పూత మాత్రమే. 2020లో ప్రకటించిన ఫలితాల్లో నొప్పి, చీము విషయంలో మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. డ్రిల్లు చప్పుడుకే కుర్చీలోంచి దూకే పిల్లల తల్లిదండ్రులకు ఇది చిన్న వార్త కాదు.

ఇవన్నీ విదేశాల ముచ్చట్లు అనుకోకండి. మీ నుంచి రైలెక్కితే మూడు, నాలుగు గంటల దూరంలో ఉన్న మద్రాసులో 1956లో క్షయ కీమోథెరపీ కేంద్రం మొదలైంది. అప్పట్లో క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానటోరియంలో నెలల తరబడి ఉండటమే. నగరంలోని పేద రోగులను చీటీ మీద విడదీసి, కొందరిని శానటోరియంలో ఉంచారు. కొందరిని ఇరుకు ఇళ్లలోనే ఉంచి మందులిచ్చారు. మంచి తిండి, గాలి, విశ్రాంతి శానటోరియం వాళ్లకే దక్కాయి. అయినా ఏడాది తర్వాత చూస్తే ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే నయమైంది. ఇంటివాళ్లకు అంటుకునే ప్రమాదమూ పెరగలేదు. 1959లో వెలువడిన ఆ ఫలితం ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని ఆసుపత్రి మంచం నుంచి ఇంటి అరుగు మీదికి తెచ్చింది. ఆ కేంద్రమే ఇప్పుడు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

మీ భయం మాత్రం ఊరికే పుట్టింది కాదు. ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన పరిశోధన ప్రాజెక్టును 2010లో ఆపేశారు. కొన్ని మరణాలు జరిగాయి. అవి టీకా వల్ల కాదని విచారణలో తేలినా, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. పార్లమెంటరీ కమిటీ 2013లో గట్టిగా తప్పుపట్టింది. ఆ తర్వాత చట్టం బిగిసింది. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు 2019లో వచ్చాయి. రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ట్రయల్ మొదలుపెట్టకూడదు. ఆ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, సగం మంది ఆ సంస్థకు చెందనివారై ఉండాలి, వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు ఒకరు ఉండాలి. రేపు ఆ కుర్చీలో మీలాంటి రైతు కూర్చుంటే నాకు చాలా సంతోషం. ట్రయల్ వివరాలను భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి. అది ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. అమ్మాయి చేరబోయే ట్రయల్ నమోదు సంఖ్య అడిగి తీసుకోండి. సంఖ్య చెప్పడానికి నసిగితే ఆ గడప తొక్కవద్దనండి.

ఇక పని. ‘పరిశోధన’ అన్న మాట విని తెల్లకోటు, సూక్ష్మదర్శిని ఊహించుకుంటే ఆరు నెలల్లో నీరసపడుతుంది. కోఆర్డినేటర్‌గా చేరితే రోజులో ఎక్కువ భాగం కాగితాలు, ఫోన్లు, నచ్చచెప్పడం. సమ్మతి పత్రాన్ని చదవడం రాని అవ్వకు ఓపికగా వివరించాలి, ‘వద్దు’ అంటే నవ్వుతూ పంపాలి. మూసిన కవరు చించేదాకా ఎవరికి ఏ చికిత్సో తాను కూడా చూడకూడదు. తెలిసిన ఊరివాళ్లు వచ్చి ‘మా వాడికి కొత్తదే పడేలా చూడమ్మా’ అని బతిమాలితే కాదనాలి. మన వైపు ఇది అన్నిటికన్నా కష్టం. ఆరో నెల పరీక్షకు రోగి రాకపోతే వెతుక్కుంటూ వెళ్లాలి. రొట్టెల పండుగ వారంలో తేదీలు పెట్టి, స్వర్ణాల చెరువు దగ్గర జనాన్ని దాటి ఎవరూ రాలేదని తల పట్టుకున్న ఒక కుర్రవాడు నాకు తెలుసు. రానివాళ్లను వదిలేస్తే కుదరదు, నొప్పి ఎక్కువైనవాళ్లే మానేసి ఉండవచ్చు.

ఇలాంటి పని ఇష్టపడేవాళ్లు కొద్దిమందే. మీ అమ్మాయి ఆ కోవలో మనిషో కాదో లక్షన్నర కోర్సు చెప్పలేదు. ఇదే నా కారణం. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి అలాంటి చోటే డబ్బు కట్టాడు. వాళ్లు ఇప్పించిన ఉద్యోగం రాత్రి పూట కంప్యూటర్‌లో అంకెలు ఎక్కించడం. ట్రయల్స్‌లో అడిగే ‘గుడ్ క్లినికల్ ప్రాక్టీస్’ శిక్షణ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. చెన్నైలోని జాతీయ ఎపిడమాలజీ సంస్థ ఆరోగ్య పరిశోధన పాఠాలను ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉచితంగా ఉంచింది, పరీక్షకు మాత్రం స్వల్ప రుసుము. ముందు ఇవి పూర్తిచేయమనండి. బీడీఎస్, ఎంబీబీఎస్ ఇంకా చదువుతున్న పిల్లలైతే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చే స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్‌కు దరఖాస్తు చేయండి. రెండు నెలల చిన్న పరిశోధనతో సంగతి తెలిసిపోతుంది.

బతుకుతెరువు సంగతి దాచను. విశ్వవిద్యాలయాల ప్రాజెక్టు ఉద్యోగాలు ఒప్పందపు ఉద్యోగాలు. ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ముగుస్తుంది. మొదటి రెండు మూడేళ్లు క్లినిక్ పెట్టిన స్నేహితురాలి సంపాదన చూసి మీకు దిగులు కలగవచ్చు. నిలదొక్కుకోవాలంటే పై చదువు ఉండాలి. నీట్ ఎండీఎస్ రాసి పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ తీసుకోవచ్చు. చాలామంది ఆ సీటును ఆఖరున చూస్తారు, మీ అమ్మాయి మొదట చూస్తే మంచిదే. లేదా చెన్నై, హైదరాబాద్‌లలో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేయవచ్చు. ఆ తర్వాత కళాశాలల్లో అధ్యాపకత్వం, ట్రయల్స్ నడిపించే కంపెనీలు, ఐసీఎంఆర్ సంస్థలు ఉంటాయి. గణాంకాలంటే భయం లేకపోతే దారి ఇంకా వెడల్పు.

నన్ను అడిగితే ఒక్క ఏడాది వెళ్లనివ్వండి. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ మాత్రం వెంటనే చేయించాలి, సాయంత్రాలు ఎవరి క్లినిక్‌లోనైనా చేయి ఆడిస్తూ ఉండాలి. పంటి వైద్యంలో చేతిపని మరిస్తే తిరిగి రావడం కష్టం. ట్రంకు రోడ్డు గదికి అడ్వాన్సు ఇవ్వకుండా ఉంటే ఆపండి, ఇచ్చి ఉంటే ఎవరికైనా అద్దెకు వదలండి.

ఆమెకు చెప్పని ఆశ ఒకటి నాకుంది. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు గురించి తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వెళ్లింది. ఇప్పటికీ మెట్ట ప్రాంతంలో గోధుమరంగు మచ్చల పళ్లు చూసి నవ్వు దాచుకునే పిల్లలున్నారు. ఆ మచ్చలకు ఏ చికిత్స తక్కువ ఖర్చులో ఎక్కువ కాలం నిలుస్తుందో మన పిల్లల మధ్యే తేల్చే ట్రయల్‌ను నెల్లూరులో చదివిన అమ్మాయి కాక ఇంకెవరు తలపెడతారు?

ఈలోగా మీకు ఒక పని. ఆ ట్రయల్ సమ్మతి పత్రం తెలుగు ప్రతిని ఇంటికి తెమ్మనండి. రాత్రి భోజనాలయ్యాక మీకు, ఇంట్లో పెద్దవాళ్లకు పైకి చదివి వినిపించమనండి. అర్థం కాని ప్రతి వాక్యం కింద మీరే పెన్సిలుతో గీత గీయండి. ఆ కాగితాన్ని ప్రధాన పరిశోధకుడి బల్ల మీద పెట్టినప్పుడు ఆయన ఏమంటాడో చూడండి. అక్కడ చేరాలా వద్దా అన్నది సగం అందులోనే తెలుస్తుంది.