ముగ్గురు నటులు, ఐదు వాద్యాలు: చిన్న ఒపెరా మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో యూరప్‌లో 1600 నుంచి 1750 దాకా సాగిన బరోక్ ఒపెరా (మొదటి నుంచి చివరిదాకా పాటతోనే నడిచే నాటకం) గురించి రాశాక, ఓరుగల్లు చుట్టుపక్కల నుంచి ఉత్తరాలు బాగానే వచ్చాయి. అందరూ అటూ ఇటూ తిప్పి ఒకటే అడిగారు: దీన్ని మన ఊళ్లో, మనవాళ్లతో వేయగలమా? వేయవచ్చు. ఎక్కడెక్కడ తప్పుతుందో ముందే తెలిసుండాలి, అంతే.

ప్రశ్న: మా దగ్గర పాడేవాళ్లు ఇద్దరు, వయొలిన్ వాయించేవాళ్లు ఇద్దరు ఉన్నారు. ఏ ఒపెరాతో మొదలుపెట్టాలి? మొత్తం ఎంతమంది కావాలి?
– సంగీత అధ్యాపకురాలు, హనుమకొండ

ఇటలీ స్వరకర్త పెర్గొలేసి రాసిన 'లా సెర్వా పద్రోనా'తో మొదలుపెట్టండి. 'పనిపిల్లే యజమానురాలు' అని అర్థం. 1733లో నేపుల్స్‌లో, ఆయనదే ఒక పెద్ద గంభీరమైన ఒపెరా అంకాల మధ్య విరామంలో ఆడించడానికి రెండు ముక్కలుగా రాశాడు. పెద్ద ఒపెరాను ఇప్పుడు తలుచుకునేవాళ్లు తక్కువ. విరామంలో ఆడినదే నిలిచింది. పెర్గొలేసి 1736లో, 26 ఏళ్లకే పోయాడు. మాటలు రాసింది జెన్నారో ఆంతోనియో ఫెదెరికో. రెండు ముక్కలూ కలిపి సుమారు 45 నిమిషాలు.

పాడే పాత్రలు రెండే. మంద్రస్థాయి మగ గొంతుకు యజమాని ఉబెర్తో, పై స్థాయి ఆడ గొంతుకు పనిపిల్ల సెర్పినా. మూడోవాడు వెస్పోనే మూగ నౌకరు, ఒక్క స్వరం కూడా పాడడు. ఆ పాత్రను పాటగాడికి ఇచ్చి వృథా చేయకండి, మీ ఊళ్లో మంచి హాస్యనటుడు ఎవరుంటే ఆయనకివ్వండి.

వాద్యాలు: వయొలిన్ రెండు, వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది, కింది స్థాయిది) ఒకటి, చెల్లో (మోకాళ్ల మధ్య పెట్టి వాయించే మంద్రస్థాయి తీగ వాద్యం) ఒకటి, కీబోర్డు (అప్పట్లో హార్ప్సికార్డ్) ఒకటి. నటులు ముగ్గురు, వాద్యకారులు ఐదుగురు, దర్శకుడు, దీపాలూ తెర చూసేవాళ్లొకరు, తెలుగు అనువాదం తెర మీద వేసేవాళ్లొకరు, దుస్తులవాళ్లొకరు. పన్నెండు మందితో పని అయిపోతుంది. విడిగా చేయి ఊపే కండక్టర్ అక్కర్లేదు. ఆ రోజుల్లో కీబోర్డు ముందు కూర్చున్నవాడే తలతో, చేత్తో నడిపించేవాడు.

మనిషి తగ్గితే వయోలాను వదిలేయండి. ఈ ఒపెరాలో అది చాలాచోట్ల బేస్ వరుసనే, అంటే అట్టడుగు స్వరాలనే, పై స్థాయిలో వాయిస్తుంది, లోటు పెద్దగా తెలియదు. చెల్లోను మాత్రం వదలొద్దు. చెల్లో, కీబోర్డు కలిసి నడిపే అడుగు వరుసను 'కంటిన్యువో' అంటారు. అది లేకపోతే పాట గాలిలో వేలాడుతుంది. చాలా జట్లు దుస్తులకూ సెట్టుకూ ఖర్చుపెట్టి చెల్లో దగ్గర పొదుపు చేస్తాయి. మా లెక్కలో అది తలకిందుల పని. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక తలుపు ఉంటే ఈ కథ నడుస్తుంది.

మీ వయొలిన్‌వాళ్లు కర్ణాటక పద్ధతివాళ్లైతే స–ప–స–ప శ్రుతి నుంచి జి–డి–ఎ–ఇ అనే పాశ్చాత్య శ్రుతికి మారాలి. పాత తీగలను పైకి లాగితే తెగుతాయి. కొత్త సెట్టు వేసి మూడు రోజులు సాగనివ్వండి. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం రాకపోతే నెల ముందు కాదు, మూడు నెలల ముందే మొదలుపెట్టాలి.

స్వరలిపి గురించి ఒక మాట. పెర్గొలేసి సంగీతానికి కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. కానీ ఈమధ్య ఎవరో సంపాదకులు కీబోర్డు భాగం పూరించి అచ్చువేసిన ప్రతికి హక్కులు ఉండవచ్చు. ముందు పేజీ చూసుకుని జిరాక్స్‌కు ఇవ్వండి.

ప్రశ్న: పద్యనాటకాలకు నలభై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్నాను. హార్ప్సికార్డ్ బదులు హార్మోనియం పెట్టకూడదా?
– పరకాల నుంచి ఒక పెద్దాయన

చేతి హార్మోనియంతో కుదరదండీ. ఒక చేయి గాలి కొట్టే తిత్తికే పోతుంది. కంటిన్యువోకు రెండు చేతులూ కావాలి: ఎడమ చేయి బేస్ వరుస, కుడి చేయి దాని మీద కార్డులు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు. కాలితో తొక్కే లెగ్ హార్మోనియం ఉంటే ఆ అడ్డు తీరుతుంది, కానీ రెండో అడ్డు మిగులుతుంది. హార్ప్సికార్డ్‌లో తీగను ఈకముక్క లాంటిది మీటుతుంది. 'టింగ్' మని మొదలై వెంటనే సన్నగిల్లుతుంది, గాయకుడి మాటకు చోటు వదులుతుంది. హార్మోనియం నాదం ఆగకుండా మాట మీద కూర్చుంటుంది. పద్యం చివర రాగం తీసేటప్పుడు అదే అందం, ఇక్కడ అదే ఇబ్బంది.

మామూలు డిజిటల్ కీబోర్డులో హార్ప్సికార్డ్ నాదం పెట్టుకోండి. టచ్ సెన్సిటివిటీ తీసేయండి, ఎందుకంటే అసలు వాద్యంలో గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే మోత. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ పీకి పక్కన పెట్టండి. పాత వాద్యాల జట్లు ఎ స్వరాన్ని సెకనుకు 440 కంపనాల బదులు 415కు, అంటే అర మెట్టు కిందికి పెట్టుకుంటాయి. అది చూసి మీరూ దింపితే మామూలు స్టీలు తీగలు వదులై నాదం చస్తుంది. మీరు 440లోనే ఉండండి.

మీ అనుభవం అక్కరకొచ్చేది అంకెల దగ్గర. స్వరలిపిలో కీబోర్డుకు బేస్ వరుస, దాని కింద అంకెలు మాత్రమే ఉంటాయి. అంకె లేకపోతే బేస్ మీద మూడో స్వరం, ఐదో స్వరం కలపాలి. 6 అని ఉంటే మూడోది, ఆరోది. 4 తర్వాత 3 ఉంటే నాలుగో స్వరాన్ని కాసేపు ఆపి మూడుకు దించాలి. ఎన్ని స్వరాలు, ఎంత ఒత్తుగా అన్నది వాయించేవాడి ఇష్టం. పద్యం పాడే నటుడి పెదవులు చూసి వాయించిన చేయికి ఇది కొత్త విద్య కాదు. పాటలకు మధ్య మాటల్లా సాగే రెసిటేటివ్‌లో లయ గాయకుడిది, కీబోర్డు వెంట నడవాలి. బేస్ స్వరం కాగితం మీద నాలుగు మాత్రలు పొడుగున్నా కొట్టి వదిలేయడమే వాడుక. పట్టుకుని కూర్చుంటే హాస్యం చప్పబడుతుంది.

ప్రశ్న: ఇటాలియన్ మా పిల్లల నోట తిరుగుతుందా? తెలుగులోకి మార్చి పాడితే తప్పా?
– నాటక దర్శకుడు, హుజూరాబాద్

తిరుగుతుంది, ఇంగ్లిష్ కంటే సులువుగా. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, మన అజంత భాష లాగే. ద్విత్వం పలకడం మనకు పుట్టుకతో వచ్చినది. చిక్కు రోమన్ లిపితో వస్తుంది. పిల్లలు దాన్ని ఇంగ్లిష్ అనుకుని ట, డ అంటారు. ఇటాలియన్‌లో అవి త, ద. 'సెర్పినా వస్తున్నదీ' అన్నంత మెత్తగా ఉండాలి. సి తర్వాత ఇ గాని ఎ గాని వస్తే చ. జడ్ అక్షరం చాలాచోట్ల మన 'చుక్క', 'చాప'లోని దంత్య చకారం. సెర్పినా పాట మొదటి మాట 'స్తిత్సోసో' నడుమనే ఆ ధ్వని ఉంది. కాబట్టి మొదటి రోజే మాటలన్నీ తెలుగు లిపిలో రాయించండి, రోమన్ కాగితం చేతికివ్వకండి.

అనువాదం తప్పేమీ కాదు. మా సలహా: పాటలు ఇటాలియన్‌లోనే ఉంచండి, రెసిటేటివ్ తెలుగులో పెట్టండి. కథ ఇల్లూ వాకిలీ కథ. మూడు గంటలుగా చాక్లెట్ పానీయం కోసం కూర్చున్న ముసలి బ్రహ్మచారి ఉబెర్తో, "మూడు గంటల సంది సూస్తున్న, గదేది?" అంటే వరంగల్ హాలు మొత్తం నవ్వుతుంది. ఒక్క జాగ్రత్త: గురువక్షరం గట్టి మాత్ర మీద పడేలా స్వరాలను సర్దాలి. 'సూస్తున్న'లో 'సూ' బలహీన మాత్ర మీద పడితే డబ్బింగ్ సినిమాలా వినిపిస్తుంది.

ప్రశ్న: కర్ణాటక సంగీతం ఎనిమిదేళ్లు నేర్చుకున్నాను. ప్రయత్నిస్తే శ్రుతి తప్పుతున్నానని అంటున్నారు. ఎందుకు?
– విద్యార్థిని, కరీంనగర్

మీ చెవి తంబురకు అలవాటుపడింది. అక్కడ షడ్జం కదలదు. ఇక్కడ కింద బేస్ కదులుతూ ఉంటుంది, పాట మధ్యలో ఆధారమే మరో స్వరానికి జరుగుతుంది, గ్రహభేదం చేసినట్టు. మీరు పాత షడ్జాన్ని పట్టుకుని ఉంటారు, అందుకే అరవీసం తేడా. తంబుర పెట్టుకుని సాధన చేయకండి. వారం రోజులు చెల్లో బేస్ వరుస ఒక్కదానితో పాడండి, కీబోర్డు కూడా వద్దు. తర్వాత బేస్ వరుసను మీరే పాడి చూడండి.

నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ ఒపెరా 'డైడో అండ్ ఈనియస్' చివర రాణి డైడో విలాపం. బేస్ ఐదు బార్ల (తాళపు చిన్న ఖండాల) వరుస, మొత్తం పదకొండు సార్లు తిరుగుతుంది. మీ భాషలో చెప్పాలంటే: పై షడ్జం, కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, పంచమం. ఒక్కో మెట్టూ జారుతూ దిగి, మళ్లీ షడ్జానికి చేరుతుంది. దాని మీద పాట వాక్యాలు ఐదు బార్లకు సరిగ్గా తెగవు, వరుస కీలు మీదుగా దాటిపోతాయి. మనకు తాళం చుట్టు (ఆవర్తం) మొదలు దాటి పాట ఎత్తుకోవడం తెలుసు కాబట్టి ఇక్కడ భయం అక్కర్లేదు. ప్రతి వరుస మొదట్లో ఊపిరి తీసుకుంటే మాత్రం పాట ముక్కలవుతుంది.

గమకం విషయం. పొడుగు స్వరం మీద కంపితం వేయకండి, కింద కార్డుతో గీసుకుంటుంది. ముగింపుల్లో వచ్చే ట్రిల్‌ను (పక్కపక్క స్వరాలు రెండింటిని వేగంగా మార్చి మార్చి పాడడాన్ని) పై స్వరం నుంచి మొదలుపెట్టాలి. ఇటాలియన్ పాటలు మొదటి భాగం, రెండో భాగం, మళ్లీ మొదటి భాగంగా ఉంటాయి. తిరిగొచ్చినప్పుడు సొంత సంగతులు వేయడం ఆ కాలపు మర్యాద. మనవాళ్లు ఉత్సాహంలో మొదటిసారే అన్నీ వేసేస్తారు, రెండోసారికి చేతిలో ఏమీ మిగలదు.

ప్రశ్న: మాది ఆడపిల్లల కాలేజీ. డైడోనే వేయవచ్చా?
– ప్రిన్సిపాల్, మంచిర్యాల

దాని తొలి ప్రదర్శనల్లో మనకు రుజువున్నది ఆడపిల్లల బడిలోనే. లండన్ చెల్సీలో జోసయస్ ప్రీస్ట్ అనే నాట్యాచార్యుడి బడి, 1689 నాటికి. గంట సేపు. మాటలు నాహుమ్ టేట్‌వి. కానీ కోరస్ (బృందగానం) నాలుగు గొంతులది, కింది రెండింటికి మగవాళ్లు కావాలి, ఈనియస్‌కూ కావాలి. పక్క కాలేజీ నుంచి తెచ్చుకోండి. లేదా విలాపం, దాని వెంట వచ్చే కోరస్ మాత్రం పాడించండి.

ప్రశ్న: ఇది మా చిందు యక్షగానం లాంటిదేనా?
– జనగామ

కొంత. పాటతోనే కథ నడపడం, నటుడే గాయకుడు కావడం, తక్కువ మందితో ఊరూరా తిరగగలగడం రెండింట్లోనూ ఉన్నాయి. మీ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ కళాకారుల దగ్గర ఒపెరావాళ్లు నేర్చుకోవలసింది, మైకు వెతక్కుండా గొంతు చివరి వరుసకు చేర్చడం. తేడా ఏమిటంటే చిందులో సందర్భాన్ని బట్టి సాగదీయవచ్చు, వంత అందుకుంటుంది. ఇక్కడ రెసిటేటివ్ దాటితే బార్లు రాసిపెట్టి ఉంటాయి, నవ్వు ఆగలేదని పాటలో రెండు బార్లు పెంచలేరు.

ప్రశ్న: హాలు, కాలం, తెర మీద అనువాదం గురించి చెప్పండి.
– వరంగల్

కాళోజీ కళాక్షేత్రం లాంటి పెద్ద హాలు వద్దు. రెండొందల మంది పట్టే కాలేజీ హాలు మేలు. సీలింగ్ ఫ్యాన్ల మోతకు హార్ప్సికార్డ్ నాదం మునిగిపోతుంది, కాబట్టి ఫ్యాన్లు ఆపినా జనం కూర్చోగలిగే డిసెంబర్, జనవరి చూసుకోండి. మేడారం ఏడాదైతే జాతర వారం తప్పించండి, బస్సులుండవు. వేదిక మీద కొత్తవాడ దరీలు పరిచే అలవాటు మనది. అందంగా ఉంటాయి గాని చెల్లో నాదాన్ని తాగేస్తాయి. చెల్లో కింద చెక్క పలక ఉంచి, వాద్యకారుల వెనక ప్లైవుడ్ నిలబెట్టండి. రెండు భాగాల మధ్య శ్రుతి చూసుకోవడానికి ఐదు నిమిషాలు వదలండి.

అనువాదం ఒక్కసారికి రెండు వరుసలు, వరుసకు ఐదు మాటలు మించొద్దు. మీట నొక్కేవాళ్లు స్వరలిపి చదవగలవాళ్లై ఉండాలి. జోకు గాయకుడి నోట రాకముందే తెర మీద పడితే నవ్వు అక్కడే అయిపోతుంది, నటుడు నిశ్శబ్దంలో పాడుకోవాలి. ప్రతి జోకు ముందూ ఒక ఖాళీ స్లైడ్ పెట్టుకోండి.

ప్రశ్న: మొదటి సీనుకు చాక్లెట్ కప్పులో ఏం పోయాలి? పాలైతే గొంతు పట్టేస్తుందని మావాడు వద్దంటున్నాడు.
– హుజూరాబాద్ జట్టు నుంచే ఇంకొకరు

ఏమీ పోయొద్దు. కప్పే వద్దు. అది రాకపోవడమే కదా గొడవంతా. ఉబెర్తో తొలి పాట కూడా అదే: ఎదురుచూస్తే రాకపోవడం, పక్క మీదున్నా నిద్ర పట్టకపోవడం, ఎంత సేవ చేసినా మెప్పు దొరక్కపోవడం, ఈ మూడూ ప్రాణం తీసేవని. కప్పు కొనే డబ్బుతో వెస్పోనేకు మంచి మీసం తెండి. రెండో భాగంలో అతన్ని, తనను పెళ్లాడబోయే కెప్టెన్ తెంపెస్తా అనే సిపాయిగా వేషం మార్చి తెస్తుంది సెర్పినా. ఆ 'పెళ్లికొడుకు' నాలుగు వేల స్కూదీల (ఆనాటి ఇటలీ నాణేల) కట్నం అడుగుతున్నాడని ఆమే చెప్తుంది. మీసం సరిగ్గా అప్పుడే ఊడుతుంది. స్పిరిట్ గమ్ (మీసాలు అతికించే జిగురు) రాశాక అర నిమిషం ఆరనిచ్చి, ఆ తర్వాత అతికించాలి.