సూపర్‌హీరో సీరియళ్లు రాసేవాళ్ల కెరీర్ ఎలా సాగుతుంది?

టీవీలో సూపర్‌హీరో కథలు రాసేవాళ్ల కెరీర్ ఎలా ఉంటుందని అడిగారు కదా, నాకు వెంటనే గుర్తొచ్చేది అమెరికన్ రచయిత పాల్ డీని. 1980లలో హీ-మ్యాన్ లాంటి కార్టూన్లకు ఎపిసోడ్లు రాశాడు, అంటే పిల్లలు చూస్తారు కానీ రాసిందెవరో ఎవరికీ పట్టని పని. 1992లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సిరీస్‌తో దశ తిరిగింది. మిస్టర్ ఫ్రీజ్ అప్పటిదాకా మంచు తుపాకీ పట్టుకు తిరిగే చిల్లర విలన్, అతనికి జబ్బుపడ్డ భార్యను కాపాడుకోలేకపోయిన బాధ పెట్టేసరికి పాత్ర మొత్తం మారిపోయింది, ఆ ఎపిసోడ్‌కి టీవీ అవార్డు ఎమ్మీ కూడా వచ్చింది (నా దృష్టిలో ఆయన బెస్ట్ ఇదే).

ఇక హార్లీ క్విన్. కాలేజీ స్నేహితురాలు ఆర్లీన్ సోర్కిన్ ఒక డైలీ సీరియల్‌లో విదూషకురాలి వేషం వేయడం చూసి, బ్యాట్‌మ్యాన్ విలన్ జోకర్ పక్కన ఉండటానికి ఒక్క ఎపిసోడ్ కోసం రాసుకున్న పాత్ర అది. ఆర్టిస్ట్ బ్రూస్ టిమ్ బొమ్మ గీశాడు, గొంతు ఆర్లీన్‌దే. ఇప్పుడు హార్లీకి సొంత కామిక్స్, సినిమాలు ఉన్నాయి, కానీ పాత్ర మీద హక్కు మాత్రం కంపెనీదే, ఈ ఫీల్డ్‌లో మామూలుగా జరిగేది అంతే.

తర్వాత డీని లాస్ట్ అనే టీవీ సీరియల్ మొదటి సీజన్‌లో పనిచేశాడు, 2009లో ఆర్కమ్ అసైలమ్ అనే బ్యాట్‌మ్యాన్ వీడియో గేమ్‌కి కథ రాశాడు. ఒకే కుర్చీలో కూర్చునే ఉద్యోగం కాదిది.