సంతకం మీది, సాక్షి మీ ఆయన

ప్రశ్న: మేము గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. నా వయసు 52. తుళ్లూరు దగ్గర మా తాతల నాటి మూడెకరాల మెట్ట ఉండేది. నాన్న ఆపరేషన్ ఖర్చంతా తమ్ముడే భరించాడని 2003లో నా వాటా వాడికి రాసిచ్చాను. అమరావతి రాజధాని వచ్చాక ఆ భూమి పూలింగులోకి, అంటే ప్రభుత్వం రైతుల భూమి తీసుకుని బదులుగా ప్లాట్లిచ్చే పథకంలోకి వెళ్లి ప్లాట్లయింది. రెండేళ్లుగా మావారు రోజూ అన్నం తింటూ ఫోనులో అక్కడి గజం ధర చదివి వినిపిస్తున్నారు. రిజిస్ట్రేషన్ నాడు సాక్షి సంతకం పెట్టింది ఆయనే. తమ్ముడితో మాటలు లేవు. అమ్మను చూసి ఏడాది దాటింది. వచ్చే నెల మేనకోడలి పెళ్లి. వెళ్లాలా, మానాలా?

జవాబు: వెళ్లండమ్మా. మేనత్త బతికి ఉండి పెళ్లికూతురికి నలుగు పెట్టకపోతే ఎలా? దీని మీద ఇంకో వాక్యం రాయను.

మీ ఉత్తరంలో నన్ను కుదిపింది సాక్షి సంతకం మాట. 2003లో మీరు అమాయకంగా మోసపోలేదు. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చిన రాష్ట్రం మనది. కేంద్ర చట్టం 2005లో వచ్చింది. అంటే ఆ రోజు మీకు నిజంగానే వాటా ఉంది, మీరు నిజంగానే ఇచ్చారు. ఆడపిల్ల వాటా అడగకూడదని నేను ఏనాడూ అనను, అడిగి తీసుకోవాలనే అంటాను. కానీ తండ్రి ప్రాణం నిలబెట్టిన తమ్ముడికి తెలిసి, ఇష్టపడి ఇచ్చిన దాన్ని ధర పెరిగిందని మోసంగా మార్చి చెప్పుకోవడం మీకు తగదు. చదివి సంతకం పెట్టిన రిజిస్టర్ పత్రాన్ని ఇన్నేళ్ల తర్వాత తిరగదోడటం దాదాపు కుదరని పని. అనుమానం తీరకపోతే ఒక్కసారి వకీలుకు చూపించి, ఆ సంగతి అంతటితో ముగించండి.

పూలింగులో మూడెకరాల మెట్టకు బదులుగా ఇచ్చింది నివాస స్థలం మూడు వేల గజాలు, వాణిజ్య స్థలం 750 గజాలు. ఈ లెక్క మీ ఆయనకు కంఠతా వచ్చి ఉంటుంది. అయితే ఆ ప్లాట్లు ఇచ్చింది నిన్నా మొన్నా కాదు. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్న మాట వచ్చినప్పుడు, ఆ ఊళ్లలో ఆడవాళ్లు పిల్లలతో సహా నిరసన శిబిరాల్లో కూర్చున్నప్పుడు, భూమి ఇచ్చినందుకు ప్రభుత్వం ఏటా ఇచ్చే కౌలు డబ్బు ఎప్పుడు పడుతుందా అని మీ తమ్ముడు ఎదురు చూసినప్పుడు మీ ఆయనకు మీ వాటా గుర్తు రాలేదు. రెండేళ్లుగానే అని మీరే రాశారు. ఆ ఊరి కష్టంలో పాలు పంచుకోని మనిషికి ఇప్పుడు లాభంలో పాలు అడిగే హక్కు ఎక్కడిది?

అందుకే తమ్ముడి సంగతి పక్కన పెట్టి మీ భోజనాల బల్ల సంగతి చూడండి. పుట్టింటి మీద అక్కసును పూటపూటకూ అన్నంలో కలిపి పెడుతున్నది ఆ ఇంట్లోనే. ముప్పై ఏళ్లు కాపురం చేశారు, ఆయనతో గట్టిగా మాట్లాడటానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. "నా వాటా నేను ఇచ్చాను, మీరు చూస్తుండగా ఇచ్చాను. ఇక ఈ ఇంట్లో ఆ మాట వద్దు" అనండి. ఆయన నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. మీ ఆయనకు నిజంగా ఉన్న దిగులు ముసలితనంలో డబ్బు చాలదేమోనన్నదైతే, దాన్ని మీ ఇద్దరి లెక్కల్లో కూర్చుని తేల్చుకోండి. బావమరిది ప్లాట్ల ధరతో దానికి సంబంధం లేదు.

తమ్ముడు ఫోను చేస్తాడేమో అని చూడకండి. పెద్దవారు మీరు. శుభలేఖ తీసుకుని వాడు గడప తొక్కేలోపు మీరే ఒకసారి తుళ్లూరు బస్సెక్కండి. అమ్మకు ఏడాదిగా ముఖం చూపించకపోవడం ఒక్కటే ఈ మొత్తం వ్యవహారంలో మీ తప్పు. ఈ ఆదివారమే వెళ్లండి. మీ ఆయన కూడా వస్తానంటే, అక్కడ గజాల మాట ఎత్తనని ముందు ఆయన చేత ఒప్పించి తీసుకెళ్లండి.