కోబాల్ట్ వేస్తే క్యూరీ పెరిగింది, మరి ముక్క ఎందుకు కదలట్లేదు?

మీరడిగింది అయస్కాంత క్షేత్రంలో పెడితే ఆకారం మార్చుకునే మిశ్రలోహం గురించి: నికెల్ 50, మాంగనీస్ 28, గాలియం 22 పాళ్లలో 4 పాళ్లు నికెల్ తీసి కోబాల్ట్ వేశారు. క్యూరీ ఉష్ణోగ్రత (ఇది దాటితే బలమైన అయస్కాంత గుణం పోతుంది) పెరిగింది, అయస్కాంతం మధ్య పెడితే మాత్రం ముక్క ఉలుకూ పలుకూ లేదు.

అసలు అది మార్టెన్‌సైట్‌లో (చల్లబడితే వచ్చే స్ఫటిక రూపం, అయస్కాంతానికి కదిలేది ఇదే) ఉందా? కోబాల్ట్ ఈ చేత్తో క్యూరీని పెంచి, ఆ చేత్తో మార్టెన్‌సైట్‌గా మారే ఉష్ణోగ్రతను కిందికి లాగేస్తుంది. నికెల్‌కి 10, కోబాల్ట్‌కి 9, మాంగనీస్‌కి 7, గాలియంకి 3 వేసి చూడండి: ఈ-బై-ఏ (పరమాణువుకి సగటు వేలెన్స్ ఎలక్ట్రాన్లు) 7.62 నుంచి 7.58కి దిగింది, దానితోపాటే ఆ ఉష్ణోగ్రతా దిగుతుంది. గది వేడిలో మీ ముక్క ఆస్టెనైట్‌గానే (వేడిలో ఉండే రూపం) కూర్చుని ఉండొచ్చు. అందులో ట్విన్లే (అద్దంలో ప్రతిబింబాల్లా పక్కపక్కనే ఉండే స్ఫటిక భాగాలు, వాటి హద్దు జరిగితేనే ముక్క కదిలేది) ఉండవు, ఇక కదిలేదేముంది? ముందు డీఎస్‌సీ (రూపం ఏ ఉష్ణోగ్రత దగ్గర మారుతుందో చూపే పరీక్ష) తీయించండి.

కోబాల్ట్‌కి జోడీ రాగి. మాంగనీస్ బదులు రాగి వేస్తే అంతా తిరగబడుతుంది: మార్టెన్‌సైట్ పైకి, క్యూరీ కిందికి. 2013లో సోజినోవ్ బృందం నికెల్ 46, కోబాల్ట్ 4, మాంగనీస్ 24, గాలియం 22, రాగి 4తో 12 శాతం వికృతి (పొడవులో మార్పు) చూపించింది. అదీ అయస్కాంతానికి లొంగదనుకున్న నాన్-మాడ్యులేటెడ్ (స్ఫటిక పొరలు అలలా ఒరగని) మార్టెన్‌సైట్‌లో! సీ-బై-ఏ (స్ఫటిక గడి నిలువు, అడ్డం కొలతల నిష్పత్తి) 1.15 దగ్గరికి తగ్గడంతో ట్విన్ హద్దు తేలిగ్గా జరిగింది. కిటుకంతా అక్కడే.

తూచి వేసిన పాళ్లనే మిశ్రలోహం పాళ్లుగా రాసేవాళ్లతో పెద్ద చిక్కు. 10 గ్రాముల బటన్‌లో (ఆర్క్ కొలిమిలో కరిగించిన ముద్ద) మాంగనీస్ సుమారు 2.56 గ్రాములు. ఆర్క్ నేరుగా తగిలి 0.1 గ్రాము ఆవిరైతే 28 కాస్తా 27.2 అవుతుంది. ఈ-బై-ఏ చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, ఎందుకంటే మాంగనీస్ విలువ 7 సగటుకి దగ్గరే! కాబట్టి మాంగనీస్‌ని నికెల్ కింద పెట్టండి, 2-3 శాతం ఎక్కువ వేయండి, కరిగించక ముందూ తర్వాతా తూచండి, బటన్‌ని కనీసం నాలుగుసార్లు తిప్పి కరిగించండి. చివరికి ఈడీఎస్‌లో (ఎక్స్-రేలతో పాళ్లు కొలిచే పరీక్ష) వచ్చిన పాళ్లే రాయండి. గాలియం 29.8 డిగ్రీలకే కరుగుతుంది. మన ఎండల్లో సీసాలోనే నీరవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టి కోయండి. అల్యూమినియం పట్టకారుతో ముట్టుకోవద్దు, దాన్ని పెళుసు చేసేస్తుంది.

తర్వాత టాంటలమ్ రేకులో చుట్టి, క్వార్ట్జ్ గొట్టంలో ఆర్గాన్‌తో సీల్ చేసి, 1000 డిగ్రీల దగ్గర 72 గంటలు, 800 దగ్గర 24 గంటలు ఉంచండి. రేకు లేకపోతే మాంగనీస్ ఆవిరి గాజుని తినేస్తుంది.

ఇంత చేసినా బటన్ బహుస్ఫటికమే, అంటే ఎన్నో చిన్న స్ఫటిక రేణువుల ముద్ద. 10ఎం అనే మాడ్యులేటెడ్ మార్టెన్‌సైట్‌కి చెప్పే 6 శాతం, పైన చెప్పిన 12 శాతం ఏకస్ఫటికం లెక్కలు. బటన్‌లో ఒక రేణువు కదలబోతే పక్క రేణువు పట్టేస్తుంది. పెళుసుదనం పోతుందని టెర్బియం, గడోలినియం వేస్తారు. అవి మాతృకలో పెద్దగా కరగవు, రేణువుల అంచుల్లో రెండో ఫేజ్‌గా చేరతాయి. బటన్ పగలడం తగ్గొచ్చు గానీ ట్విన్‌కి అదే అడ్డుగోడ.

ఏకస్ఫటికం దొరికితే మొదట నొక్కి చూడండి. 10ఎం మార్టెన్‌సైట్‌లో అయస్కాంతం ఇవ్వగలిగిన ఒత్తిడి, అనైసోట్రోపీని (అయస్కాంతీకరణను ఇష్టమైన దిశ నుంచి తిప్పడానికి పట్టే శక్తి) వికృతితో భాగిస్తే వచ్చేదే: ఘనపు మీటరుకి 1.7 లక్షల జౌళ్లు బై 0.06, అంటే దాదాపు 2.8 మెగాపాస్కల్స్. మీ ట్విన్ 5 మెగాపాస్కల్స్ దగ్గర కదిలితే, అయస్కాంతీకరణ సంతృప్తమయ్యాక క్షేత్రాన్ని ఎన్ని టెస్లాలకి పెంచినా ఆ 2.8 పెరగదు.