నాలుగెకరాలూ చెరువుకి ఇచ్చేసే ముందు

ఉండి దగ్గర నుంచి ఒకరు అడిగారు: నాన్నగారి పేరున 4 ఎకరాల వరి చేను ఉందట, రొయ్యల చెరువుకి మూడేళ్ల లీజు అడుగుతున్నారట. చెరువు తవ్వితే అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ డబ్బులు ఆగిపోతాయా, "ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) వరి అనే రాయిద్దాం, ఏం కాదు" అని మధ్యవర్తి అంటున్నాడు, నమ్మొచ్చా అని.

వద్దండీ, అలా రాయించకండి. నమోదుకి చేను ఫొటో తీస్తారు, వేలిముద్ర వేసేది నాన్నగారు, మధ్యవర్తి కాదు. పైగా ఆ నమోదు చూపించి ఎక్కడిదో ధాన్యం మీ పేరున మద్దతు ధరకి అమ్మేస్తే రేపు లెక్క చెప్పుకోవాల్సింది మీరే.

సాయం సంగతికొస్తే, రికార్డులో వ్యవసాయ భూమి అనే ఉన్నా ఆక్వాకి, అంటే చేపలు, రొయ్యల చెరువుకి మారిస్తే లెక్కలోకి రాదని అన్నదాత సుఖీభవకి ముందున్న రైతు భరోసా పథకం 2019 నిబంధనల్లోనే పెట్టారు, కాబట్టి చెరువైన భూమికి రూపాయి కూడా రాదనుకునే లెక్క వేసుకోండి. కానీ కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చే 6,000 కలిపి రెండు పథకాల్లో ఏడాదికి వచ్చే 20,000 కుటుంబానికి, ఎకరానికి కాదు. పీఎం కిసాన్‌కి కనీసం ఇంత భూమి ఉండాలన్న షరతు కూడా లేదు. అంటే 3 ఎకరాలే లీజుకిచ్చి ఒక ఎకరం నిజంగా వరి వేసుకుంటే అబద్ధం ఆడే అవసరమే రాదు. ఆ ఎకరం మాత్రం చెరువు గట్టుని ఆనుకుని ఉండకూడదు, ఉప్పు ఊటకి పైరు దెబ్బతింటుంది, మధ్యలో బోదె (చిన్న కాలువ) ఉండేలా చూసుకోండి.

నాకు అసలు టెన్షన్ బ్యాంకు అప్పు గురించి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది కదా, అది మీరు వేసే పంటని చూసి ఇచ్చిన అప్పు, చెరువు తవ్వి అదే వరి పేరుతో రెన్యువల్ చేయిస్తే అప్పు దారి మళ్లించినట్టే. లీజు అడ్వాన్సు చేతిలో పడగానే, మూడెకరాల వాటా వరకైనా ముందు ఆ అప్పు కట్టేయండి, తర్వాతే మిగతా ఖర్చులు.

చెరువుకి 2020 ఆక్వా చట్టం కింద లైసెన్సు ఎవరు తెచ్చుకోవాలో, మూడేళ్లయ్యాక గట్లు తీసి చేను చదును చేసే ఖర్చు ఎవరిదో లీజు కాగితంలో రాయించండి, ఆ ఖర్చుకి సరిపడా డిపాజిట్ విడిగా తీసుకోండి. దానికి ఒప్పుకోకపోతే ఆ లీజు ఎంత ఎక్కువిస్తామన్నా వదిలేయండి.