విజిటర్ వీసాపై ఇంగ్లండ్ వెళ్లే నాన్నగారికి అక్కడ వైద్యం ఉచితమేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. రాత్రిపూట ఇన్సులిన్ తీసుకుంటారు. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. అరికాళ్ల మంటలకు ప్రీగాబలిన్ వాడుతున్నారు. వచ్చే నెలలో అమ్మతో కలిసి మాంచెస్టర్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరకు విజిటర్ వీసాపై ఐదు నెలలకు వెళ్తున్నారు. అక్కడ వైద్యమంతా ఉచితమని, బీమా దండగని తమ్ముడి స్నేహితులు చెబుతున్నారు. నిజమేనా? మోకాళ్ల ఆపరేషన్ కూడా అక్కడే చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ తమ్ముడి స్నేహితులు చెప్పింది వాళ్ల వరకు నిజమే. ఆరు నెలలకు మించిన వీసాపై ఉద్యోగానికి వెళ్లేవారిలో చాలామంది ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌చార్జిని వీసా దరఖాస్తుతోనే ముందుగా కట్టేస్తారు కాబట్టి, ఆ తర్వాత ఆసుపత్రిలో బిల్లు రాకపోవడం వారికి ఉచితంలా కనిపిస్తుంది. ఆరు నెలల లోపు సందర్శనకు వెళ్లే మీ నాన్నగారు ఆ సొమ్ము కట్టరు. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు ఒడిశా నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ రోగులు వస్తుండటం చూసి అలవాటైన మనకు ప్రభుత్వాసుపత్రిలో మనిషినిబట్టి బిల్లు వేయడం వింతగా తోచవచ్చు గానీ, 1948లో మొదలైన అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇప్పుడు చూసేది ఆ మనిషి ఆ దేశంలో స్థిరంగా నివసిస్తున్నాడా లేదా అన్నదే. విశాఖలో స్థిరపడిన బ్రిటిష్ పౌరుడైనా చుట్టపుచూపుగా వెళ్తే బిల్లు రావచ్చు.

అయితే అన్నిటికీ డబ్బు కట్టాలని కాదు. జ్వరం, దగ్గు వంటివాటికి మీ తమ్ముడి ఇంటి దగ్గరి జీపీ (ఫ్యామిలీ డాక్టరు) క్లినిక్‌లో తాత్కాలికంగా పేరు నమోదు చేయించుకుంటే డాక్టరుకు చూపించుకోవడానికి ఫీజు ఉండదు. క్షయ వంటి కొన్ని అంటువ్యాధులకు పరీక్షలు, చికిత్స ఎవరికైనా ఉచితమే. అక్కడ ఏ అండ్ ఈ అని పిలిచే క్యాజువాలిటీలో అందించే వైద్యం కూడా అంతే. చిక్కు ఆ తర్వాతే వస్తుంది. మీ నాన్నగారికి అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వచ్చిందనుకోండి. క్యాజువాలిటీలో తీసే ఈసీజీకి, అక్కడ చేసే రక్తపరీక్షకు డబ్బు అడగరు. కానీ వార్డులో చేర్చుకున్నా, మరోరోజు స్పెషలిస్టు దగ్గరకు రమ్మన్నా అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో ఆ లెక్క ఎన్‌హెచ్‌ఎస్ సొంత రేటుకు ఒకటిన్నర రెట్లు. 500 పౌండ్లు, అంతకు మించిన బాకీ రెండు నెలలు దాటినా తీర్చకపోతే తర్వాతి వీసాకు అది అడ్డు రావచ్చు.

ఇది చదివి బిల్లు భయంతో మాత్రం ఆగవద్దు. ప్రాణాపాయంలో ఉన్నవారికి డబ్బు కట్టలేదన్న కారణంతో అక్కడ చికిత్స ఆపరు. బిల్లు తర్వాత వస్తుంది. స్టెంట్ ఉన్న మనిషికి ఛాతీనొప్పి వస్తే గ్యాస్ అయివుంటుందిలే, తెల్లారాక చూద్దాం అనుకోవడమే అన్నిటికన్నా ప్రమాదం. వెంటనే అక్కడి అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయాలి, బీమా కంపెనీకి తర్వాత చెప్పవచ్చు.

మోకాళ్ల ఆపరేషన్ ఆలోచన మానుకోండి. ముందే అనుకుని చేయించుకునే చికిత్సకు మొత్తం సొమ్ము ముందుగా కట్టించుకుంటారు. అది విశాఖలో చేయించుకోవడమే మేలు.

కాబట్టి బీమా దండగ కాదు. దరఖాస్తులో షుగరు, బీపీ, స్టెంట్ మూడింటినీ తప్పకుండా రాయండి. ప్రీమియం పెరుగుతుందని స్టెంట్ సంగతి దాచినవారికి సరిగ్గా గుండె సమస్య వచ్చినప్పుడే క్లెయిము తిరస్కరిస్తారు. పాత జబ్బులకు ఎంత సొమ్ము వరకు ఇస్తారో పాలసీ పత్రంలో మీరే చదవండి, ఏజెంటు మాట మీద వదిలేయకండి.

ఇక మందులు. మా క్లినిక్‌కు వచ్చే పెద్దవాళ్లు మందులను పాలిథీన్ కవరులో తెస్తారు. స్ట్రిప్‌ను రెండేసి మాత్రల చొప్పున కత్తిరించడంతో మందు పేరున్న వైపు ఎప్పుడో పోయి ఉంటుంది, మిగిలిన ముక్కను చూసి అది బీపీ మాత్రో రక్తం పలచబరిచే మాత్రో నేనే చెప్పలేను. మాంచెస్టర్‌ డాక్టరు ఏం చెప్పగలడు? మన బ్రాండు పేర్లు అక్కడివారికి తెలియవు. అందుకే ప్రతి మందు అసలు పేరు, మోతాదు, వేసుకునే వేళ టైపు చేసిన ఉత్తరాన్ని లెటర్‌హెడ్ మీద మీ డాక్టరు సంతకంతో తీసుకోండి. దానికి స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జి సమ్మరీ, ఇటీవలి ఈసీజీ జత చేయండి. ఇన్సులిన్‌ను విమానంలో చేతిసంచిలోనే ఉంచాలి. లగేజీలో వేస్తే గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు.

మీరు అడగకపోయినా చెప్పాల్సినది ఒకటుంది. మన మందుల షాపుల్లో మామూలుగా దొరికే ప్రీగాబలిన్ 2019 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో నియంత్రిత మందు. మూడు నెలల లోపు ప్రయాణమైతే డాక్టరు ఉత్తరం సరిపోతుంది; మీ నాన్నగారు ఐదు నెలలు ఉంటారు కాబట్టి ఆ దేశపు హోమ్ ఆఫీసు (హోంశాఖ) లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. ప్రయాణం వచ్చే నెలే కనుక ఈ వారమే మొదలుపెట్టండి, లేదా మంటలకు వేరే మందు మార్చే వీలుందేమో మీ డాక్టరును అడగండి. లైసెన్సు గొడవెందుకని ఆ మాత్రను ఒక్కసారిగా మానిపించవద్దు. మానాల్సి వస్తే డాక్టరు పర్యవేక్షణలో కనీసం ఒక వారం పాటు మోతాదు తగ్గించుకుంటూ రావాలి.